ఫ్యాను కింద కుర్చీ

హిందూపురం నంజుండప్పకు ఈ భూమ్మీద నచ్చిన మనిషి ఒక్కడే. ఆ మనిషి రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తాడు. మిగిలిన జనాన్ని ఆయన రెండు రకాలుగా విడగొట్టేశాడు. చదరంగం రాని దద్దమ్మలు ఒక రకం, వచ్చిన దద్దమ్మలు ఇంకో రకం. మొదటి రకాన్ని మాత్రం కాస్త దయగానే చూసేవాడు, వాళ్ళు తన దారికి అడ్డం రారు కాబట్టి.

చేసే పని చూస్తే అంత గొప్పదేమీ కాదు. బావమరిదికి పట్టుదారం తీసే షెడ్డు ఉంది. దానికి కావాల్సిన పట్టుగూళ్ళను మార్కెట్టులో చూసి ఎంచడం నంజుండప్ప వంతు. ట్రేలోంచి ఒక గూడు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల పురుగు కదిలే చప్పుడు విని, కళ్ళు మూసుకుని పూనకం వచ్చినవాడిలా నిలబడి, చివరికి ‘సరి’ అనేవాడు. అంటే బేరం ముగిసినట్టు. ఇప్పుడు వేలమంతా ఫోన్లలోకి, తెరల మీదికి పోయింది. ఎవరి సరి ఎవరికీ అక్కర్లేదు. అయినా నంజుండప్ప గూడు ఆడిస్తూనే ఉన్నాడు, సరి అంటూనే ఉన్నాడు. రైతులు ఆయన మొహం మానేసి తెర వైపు చూస్తారు. “తెరకు చెవులుంటాయా?” అని వాళ్ళ మీద ఒక నవ్వు పారేసి పక్క వరసకు పోతాడు.

ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, కోపమొస్తే రెండూ. సరి అన్న మాట రెండు భాషల్లోనూ చెల్లుతుంది కాబట్టి రోజులో సగం దాంతోనే నెట్టుకొస్తాడు. భార్య ఈశ్వరికి ఈ మాటంటేనే మంట.

“పులుసు ఇంకొంచెం పోసేదా?”

“సరి.”

“సరి అంటే పోసేదా, చాలా?”

“సరి అంటి కదా!”

“నీతో కాపురం చేసేదానికి ఒక డిక్షనరీ కొనుక్కోవల్ల నేను,” అని ఈశ్వరి గిన్నె తీసుకుని లోపలికి పోయేది. ఆ పూట ముద్ద పొడిగానే గొంతు దిగేది. అయినా లేచి వెళ్ళి పులుసు పొయ్యమని అడిగేవాడు కాడు. అడగడం ఆయన ఒంటికి పడదు. అడిగితే ఎదుటివాడి దగ్గర ఏదో ఉందని ఒప్పుకున్నట్టే కదా.

ఇలాంటి మనిషికి ఊళ్ళో గౌరవం దొరికే చోటు ఒకే ఒక్కటి ఉండేది. బస్టాండు వెనక జిరాక్సు కొట్టు మీద ఒక గది. తలుపు మీద ‘చదరంగ సంఘం’ అని రాసి ఉంటుంది, దాని కింద ‘చెప్పులు బయట విడువవలెను’ అని ఉంటుంది, అందరూ లోపలే విడుస్తారు. ఆ గదిలో కొన్ని బల్లలు, ఒకే ఒక్క ఫ్యాను. ఫ్యాను కింద ఉన్నది మొదటి బోర్డు. సంఘంలో అందరికంటే బాగా ఆడేవాడు అక్కడ కూర్చోవాలి. ఊళ్ళ మధ్య పోటీ పడితే అవతలి ఊరి మొదటి ఆటగాడితో తలపడేది ఆ కుర్చీ మనిషే. మిగిలిన బల్లల వాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో బనియన్లు పిండుకుంటూ ఆడతారు. నంజుండప్ప మాత్రం ఇస్త్రీ చొక్కా నలగకుండా ఇంటికి పోతాడు. ఆ కుర్చీ ఆయనకు ఎప్పటినుంచో ఉంది. ఎంతగా అంటే దానికి ఆయన ఆకారమే వచ్చేసింది, ఎడమ వైపు కుంగిపోయి.

ఆయన ఆటకు రెండు అలవాట్లున్నాయి. అవతలివాడి పావును కొట్టినప్పుడల్లా దాన్ని పైకెత్తి ‘ఉఫ్’ అని దుమ్ము ఊదినట్టు ఊదుతాడు. గెలిచాక మోచేతిని బల్ల మీద ఆనించి, పావులన్నిటినీ ఒక్క ఊపున పెట్టెలోకి ఊడ్చేస్తాడు, ఎంగిలాకు ఎత్తేసినట్టు. ఓడినవాడు “సరి, బిడప్పా” అని లేచిపోవాలి. బిడు అంటే కన్నడంలో వదిలెయ్యమని. హిందూపురం బల్లల దగ్గర సరి అంటే ఓటమి ఒప్పుకోవడం. ఆ మాట వినడం కోసమే నంజుండప్ప ఆదివారాలు బతికేవాడు.

అట్లాంటి గదిలోకి తనూజ వచ్చింది. డిగ్రీ రెండో ఏడు. చదరంగం ఫోన్‌లో నేర్చుకుంది. కొన్నాళ్ళలోనే ఒక్కొక్క బల్లనూ దాటుకుంటూ వచ్చి రెండో బోర్డు దగ్గర ఆగింది. ఆగింది అనకూడదు, నంజుండప్ప ఆపాడు. ఆమెతో ఆడనన్నాడు. ఎందుకంటే రోజుకో కారణం. ఒకరోజు కళ్ళు మంట. ఒకరోజు మార్కెట్టులో పని. అసలు సంగతి వేరు. ఒకసారి ఆ పిల్ల వెనక నిలబడి ఆట చూశాడు. ఆమె ముందున్న గుర్రాన్ని వెనక్కి జరిపింది. ‘తెలివి లేని ఎత్తు’ అని లోపలే నవ్వుకున్నాడు. కాసేపటికి అదే గుర్రం వచ్చి అవతలివాడి మంత్రిని ఎత్తుకుపోయింది. అది ఎట్లా జరిగిందో నంజుండప్పకు ఇంటికి పోయి బోర్డు పరుచుకుని చూసినా సగమే అర్థమైంది. ఆ రోజు నుంచి కళ్ళు మంట మొదలైంది.

సంఘం కార్యదర్శి శ్రీనివాసులుకు మందుల షాపుంది. తలనొప్పి మాత్రలు అమ్మి అమ్మి ఎవరి తలనొప్పినైనా తనే తగ్గించాలనుకునే రకం.

“నంజుండన్నా, పాప అందర్నీ కొడతాండాది. నువ్వొక్క తూరి ఆడితే తేలిపోతాది కదా,” అన్నాడు ఒక ఆదివారం అందరి ముందూ.

“ఫోన్‌లో నేర్చినోళ్ళతో నాకేంటికప్పా? చార్జింగ్ అయిపోతే ఆట కూడా అయిపోతాది.”

“నాకు ఫుల్ చార్జింగ్ ఉండాది అంకుల్,” అంది తనూజ రెండో బల్ల నుంచి.

గది గొల్లుమంది. నంజుండప్ప మొహం ముడుచుకున్నాడు. “అంకుల్ అంట. ఈ ఊర్లో అన్నలు, మామలు అందరూ సచ్చిపోయినట్టు.”

“ఇట్ల చేద్దాం,” అన్నాడు శ్రీనివాసులు. “వచ్చే ఆదివారం పెనుకొండ పోటీ ఉండాది. ధర్మవరం మొదటి బోర్డును గెలిస్తే కుర్చీ నీదే, ఇంక ఎవ్వరూ ఆ మాటెత్తరు. గెలవకపోతే పాపకిచ్చెయ్యి.”

“గెలవకపోతేనా?” నంజుండప్ప తలెత్తి ఫ్యానును చూసి నవ్వాడు, అదేదో తన వైపు సాక్షి అయినట్టు. “సరి!”

పెనుకొండలోనే ఎందుకంటే, అక్కడివాళ్ళకు చదరంగంతో ఏ సంబంధమూ లేదు కాబట్టి. ధర్మవరంలో ఆడితే గడియారం వాళ్ళదని హిందూపురం వాళ్ళ అనుమానం. హిందూపురంలో ఆడితే టీలో ఏం కలుపుతారోనని ధర్మవరం వాళ్ళ అనుమానం. ఒకరినొకరు నమ్మని రెండు ఊళ్ళు రైల్లో సగం సగం దూరం వచ్చి, మధ్య ఊళ్ళో ఒక సత్రం హాలు తీసుకుని, ఏటా ఒక ఆదివారం అనుమానం తీర్చుకుంటాయి. దీన్ని స్నేహపూర్వక పోటీ అని బ్యానరు మీద రాస్తారు.

ఆ ఆదివారం పొద్దున ప్యాసింజరు రైల్లో నంజుండప్ప కిటికీ పక్క కూర్చుని, ఈశ్వరి కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని తింటున్నాడు. శ్రీనివాసులు ఫోన్ చూసుకుంటూ చెప్పాడు:

“వాళ్ళ మొదటి బోర్డు మారినాడంటన్నా. పోయినేటి లాయరు గుమాస్తాకు కంటి ఆపరేషనంట. ఈ తూరి ఎవరో మగ్గం నేసే చౌడప్ప. ఊర్లో అందరూ సరి చౌడప్ప అంటారంట.”

నంజుండప్ప నోటి దగ్గరికి పోతున్న చెయ్యి ఆగింది. “ఏమంటారు?”

“సరి చౌడప్ప.”

పచ్చిమిరపకాయ అడ్డం పడేదాకా నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, “ఓడీ ఓడీ ఆ మాటే ఇంటిపేరు అయ్యిండాది వానికి! సరి, బిడప్పా చౌడప్ప! ఆట మొదలుపెట్టక ముందే అయిపోయింది కదప్పా,” అన్నాడు.

ఎదురు సీట్లో ఉన్న తనూజ ముందుకు వంగింది. “కాదంకుల్. నా క్లాస్‌మేట్ ఒకతిది ధర్మవరం. ఆడ ఆటలో సరి అంటే...”

“సరి, సరి. కూర్చో పాపా. ఆడొక సరి, ఈడొక సరి, కదిరిలో ఇంకొకటా?”

“చెప్పేది వినండి...”

“నీ క్లాస్‌మేట్ మొదటి బోర్డు ఆడతాదా? ఆడదు కదా? సరి!”

తనూజ ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. బయట పెనుకొండ కొండ కనిపించడం మొదలైంది.

సత్రం హాలులో పోటీని నడిపేది ఉమాశంకర్. స్థానిక బడిలో ఆటల మాస్టారు. ఖోఖోకు, కబడ్డీకి, చదరంగానికి ఒకటే పద్ధతి ఆయనకు, మెడలో విజిల్ ఉండాలి. అందరూ కూర్చోగానే ఆ విజిల్‌ను ఊపిరంతా బిగబట్టి ఊదాడు. రెండు బల్లల మీద రాజులు కింద పడ్డారు. “ఎత్తులు రాసే పని లేదప్పా, చిన్న ఆటలే కదా. గడియారం మాత్రం చూసుకోండి,” అని చెప్పి, ఆట గురించి తనకు తెలిసిందంతా అంతటితో అయిపోవడంతో కుర్చీలో కూర్చుండిపోయాడు.

సరి చౌడప్ప వచ్చి నంజుండప్ప ఎదురుగా కూర్చున్నాడు. చూడ్డానికి చదరంగం ఆడేవాడిలా లేడు, ఆమాటకొస్తే ఏ ఆటా ఆడేవాడిలా లేడు. బుగ్గలో ఆకువక్క, భుజాన తువ్వాలు. అతనికి నల్ల పావులు వచ్చాయి. ప్రతి బంటునూ ఒక్క గడే జరిపేవాడు, రెండు గడులు జరిపితే అవి తప్పిపోతాయన్నట్టు. ఆలోచించేటప్పుడు బల్ల కింద కుడికాలు పైకీ కిందికీ ఆడేది, మగ్గం కింద తొక్కుడు చెక్క ఉన్నట్టే. బల్ల సన్నగా వణికేది.

“ఏమప్పా, మగ్గం ఇంటికాడ పెట్టి రాలేదా?” అన్నాడు నంజుండప్ప.

“కాలు నా మాట వినదప్పా.”

“చెయ్యన్నా వింటాదా?”

“చూద్దాము.”

నంజుండప్ప మొదటి బంటును కొట్టి ఉఫ్ అని ఊదాడు. చౌడప్ప తువ్వాలు తీసి బోర్డు అంచు తుడిచాడు. “మెల్లగప్పా, తుంపర పడతాండాది.”

చెప్పుకోవాలంటే ఇద్దరిదీ అంత గొప్ప ఆటేమీ కాదు. ఒకడు ముందుకు దూకడమే ఆట అనుకున్నాడు, ఇంకొకడు కదలకపోవడమే ఆట అనుకున్నాడు. మంత్రులు మార్చుకున్నారు. చౌడప్ప ఒక గుర్రాన్ని ఊరికే పోగొట్టుకున్నాడు, నంజుండప్ప దాన్ని మామూలు కంటే ఎక్కువసేపు ఊదాడు. అంతటితో అయిపోవాల్సింది. అయితే ఆ ఊదుడులో పడి నంజుండప్ప తన పెరడు చూసుకోలేదు. చౌడప్ప ఏనుగు నేరుగా దొడ్డిదారిన జొరబడి రాజుకు చెక్ పెట్టింది. రాజు జరిగాడు. మళ్ళీ చెక్. జరిగాడు. మళ్ళీ. ఆ ఏనుగు ఆపేలా లేదు.

మొదటిసారిగా నంజుండప్ప మెడ వెనక చెమట పట్టింది. అక్కడ ఫ్యాను తనమీద లేదు. ఇట్లా చెక్‌ల మీద చెక్‌లు పడుతూనే ఉంటే గెలుపు లేదు, గెలుపు లేకపోతే కుర్చీ లేదు. కొట్టిన గుర్రాన్ని తీసి, తెలియకుండానే చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు, లోపల పురుగేమన్నా చెప్తుందేమోనని. చౌడప్ప నోరు తెరిచి చూశాడు. పక్క బల్లల మీద ఆటలు ముగించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. తనూజ తన ఆట ఎప్పుడో గెలిచేసి ఆయన వెనకే నిలబడి ఉంది.

చివరికి దారి దొరికింది. రాజును ఒక్కో గడీ నడిపించి, ఐమూలగా పోయే తన నల్లగడుల శకటు చాటుకు చేర్చాడు. ఇంక చెక్‌లు లేవు. తన బంటు ఒకటి అవతలి అంచుకు ఒక్క అడుగు దూరంలో ఉంది, అడుగేస్తే మంత్రి అవుతుంది. చౌడప్ప చాలాసేపు కాలు తొక్కాడు. తర్వాత ఏనుగును వెనక్కి తెచ్చి ఆ బంటు దారికి అడ్డంగా నిలబెట్టాడు. ఆ ఏనుగును శకటు ఒక్క ఎత్తులో కొట్టేస్తుంది, అది చిన్నపిల్లలకు కూడా కనిపిస్తుంది. ఆట అయిపోయింది.

చౌడప్ప ఆకువక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, తల కాస్త వంచి, “సరా?” అన్నాడు. అని గడియారం నొక్కాడు.

నంజుండప్పకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టయింది. ఇంటిపేరు నిలబెట్టుకున్నాడు మహానుభావుడు అనుకున్నాడు. “సరి!” అని హాలంతా వినబడేలా అని, చెయ్యి చాచి, చౌడప్ప చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. వెనక తనూజ “అయ్యో” అన్నట్టు చిన్న చప్పుడు చేసింది. అది ఓర్వలేని చప్పుడు అనుకున్నాడు. మోచెయ్యి ఆనించి పావులన్నీ ఒక్క ఊపున పెట్టెలోకి ఊడ్చేశాడు.

ఉమాశంకర్ వచ్చాడు. “ఏమాయప్పా?”

“సరి,” అన్నాడు చౌడప్ప.

“నువ్వేమంటావన్నా?”

“సరి అనే కదా అంటాండేది! ఎన్ని తూర్లు చెప్పల్ల?” అన్నాడు నంజుండప్ప.

ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు కాబట్టి ఉమాశంకర్ సంతోషంగా తల ఊపి వెళ్ళిపోయాడు. నంజుండప్ప హాలు బయట బజ్జీలు తింటూ, తన రాజు శకటు చాటుకు ఎట్లా నడిచాడో దొరికినవాడికల్లా చెప్పాడు. బజ్జీల బండి ఆయనకు కూడా చెప్పాడు. ఆయన ఇంకో రెండు వేశాడు, వినడానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా.

మధ్యాహ్నం ఉమాశంకర్ విజిల్ ఊది ఫలితాలు చదివాడు. “మొదటి బోర్డు. హిందూపురం నంజుండప్ప, ధర్మవరం చౌడప్ప. ఆట సరి. చెరి సగం.”

“ఏంది సగం?” అన్నాడు నంజుండప్ప. బజ్జీ చేతిలోనే ఉంది.

“డ్రా అన్నా. ఇద్దరూ ఒప్పుకున్నారు కదా.”

“ఎవడు ఒప్పుకున్నాడు? వాడు ఓడిపోయినానన్నాడు, నేను సరి అంటిని!”

అందరూ చౌడప్ప వైపు తిరిగారు. చౌడప్ప తాపీగా బయటికి పోయి ఆకువక్క ఉమ్మి వచ్చాడు. “నేనేంటికప్పా అంటా? ఈ జన్మలో ఆ మాట నా నోట్లో నుంచి రాలేదు. సరా అని అడిగితిని. సరి అంటివి. చేతులు కలిపితిమి.”

“సరి అంటే ఓడిపోవడం కదా!”

“మీ ఊర్లో అట్లనా?” చౌడప్పకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. “ఓడిపోయి మళ్ళా సరి ఏందప్పా? సరి అంటే సరి. నీకెంతనో నాకంత. చీర రెండంచులూ ఒకే మాదిరి వస్తే ఏమంటావు నువ్వు?”

“నేను చీరలు కట్టుకోను!”

“కట్టుకునింటే తెలిసేది.”

హాలంతా నవ్వింది, హిందూపురం వాళ్ళతో సహా. ధర్మవరం వాళ్ళలో ఒకడు వివరం చెప్పాడు. చౌడప్ప ఆటలో ఎవరినీ గెలిచింది లేదంట. ఎవరి చేతిలోనూ ఓడిందీ లేదంట. ప్రతి ఆటలోనూ ఏదో ఒక పూట సరా అని అడుగుతాడు, అవతలివాడు విసుగొచ్చి సరి అంటాడు. అందుకే ఆ పేరు. అది పేరంట, పైగా గర్వం కూడా.

“సచ్చిపోయే ఆటలో డ్రా అడగడానికి సిగ్గు లేదా నీకు?” నంజుండప్ప గొంతు లేచింది.

“సచ్చిపోయేటప్పుడే కదప్పా అడగాల్సింది. గెలిచేటప్పుడు అడిగేదానికి నాకేమన్నా పిచ్చా?” అన్నాడు చౌడప్ప. “అడిగితే ఏం పోతాది? ఇస్తే తీసుకుంటా, ఇయ్యకపోతే ఆడుకుంటా.”

నంజుండప్ప పావుల పెట్టె వైపు చూశాడు. ఉమాశంకర్‌కు కాస్త జాలి వేసింది. “ఇద్దరికీ ఇష్టమైతే పావులు మళ్ళా అట్లే పెట్టి ఆడండి. నాకేం అడ్డం లేదు.”

“పెట్టమనండి, ఆడతా,” అన్నాడు చౌడప్ప. “నా రైలు సాయంత్రం. అయితే నాకు గుర్తు లేదు, ముందే చెప్తాండా.”

నంజుండప్ప పెట్టె బోర్లించాడు. రాజును పెట్టాడు. బంటును పెట్టాడు. దాని ముందు ఏనుగును పెట్టాడు. శకటును పట్టుకుని గాల్లోనే ఆగి, ఒక గడిలో పెట్టాడు.

“అది తెల్ల గడి కదన్నా,” అన్నాడు ఎవరో. “ఆ శకటు నల్ల గడుల్లో కదా తిరిగేది?”

“తెలుసులేప్పా, చెయ్యి జారింది.” పక్క గడికి జరిపాడు. అక్కడి నుంచి చూస్తే అది ఏనుగును కొట్టదు. ఇంకో గడికి జరిపాడు. అక్కడుంటే మధ్యలో బంటు అడ్డం. బంటును తీశాడు. తీసిన బంటు ఎక్కడిదో గుర్తు రాలేదు. చౌడప్ప బంటులు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయి? ఎప్పుడన్నా చూస్తే కదా, ఊదడమే తెలుసు. రాజును ఒకచోట పెడితే ఏనుగు చెక్ పెట్టినట్టుంది. ఇంకోచోట పెడితే తనే ఎప్పుడో గెలిచేసి ఉండాలి. ఈ ఊడ్చే అలవాటు లేకపోయుంటే బోర్డు బోర్డులాగానే ఉండేది.

శ్రీనివాసులు చెవి దగ్గర గొణిగాడు. “తనూజ నీ వెనకాలే నిలబడి మొత్తం చూసిందన్నా. అడుగు.”

తనూజ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. “అడిగితే పెడతా అంకుల్. ఒక్క పావు కూడా తప్పు పోదు.”

“పెడితే నీ కుర్చీ పోతాది కదా పాపా,” అన్నాడు శ్రీనివాసులు, ఆ మాట పైకే అనేసి.

“పోనీ. ఇంకో రోజు ఆడి గెల్చుకుంటా. రైల్లో చెప్పబోతే వినకపోతిరి. ఇప్పుడు అడగల్ల, అంతే.”

చౌడప్ప కాలు ఆగింది. ‘పెట్టు పాపా’ అంటే చాలు. రెండు మాటలు. శకటు ఏనుగును కొడుతుంది, బంటు మంత్రి అవుతుంది, కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది. నంజుండప్ప నోరు తెరిచాడు. ఆ రెండు మాటలు గొంతు దాకా వచ్చాయేమో కూడా. అయితే వాటి వెనకే ఇంకో సంగతి కనిపించింది. ఇకమీద ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి ఆదివారం, ఇది తనూజ పెట్టిచ్చిన ఆట అని గదిలో ప్రతి దద్దమ్మకూ తెలిసి ఉంటుంది. ఆమె చూసింది, ఈయన చూడలేదు. ఆడినవాడు చూడలేదు, నిలబడినామె చూసింది.

చేతిలోని శకటును పెట్టెలో పడేశాడు.

“ఆడిన ఆటను మళ్ళా ఆడేది ఎవరప్పా, పనీపాటా లేనోళ్ళు,” అన్నాడు. “రైలుకు టైమైంది. పదండి.”

రైలుకు ఇంకా చాలా టైముంది. స్టేషన్‌లో సిమెంటు బెంచీ మీద అందరూ దూరం దూరంగా కూర్చున్నారు. మొత్తం పోటీలో రెండు ఊళ్ళకూ పాయింట్లు సమానంగా వచ్చాయని శ్రీనివాసులు అన్నాడు. “అంటే ఇది కూడా సరే,” అని ఎవరో అన్నారు. నంజుండప్ప పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి పోయాక ఈశ్వరి “గెలిస్తివా?” అని అడిగింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆపుకుని, “ఆడితిని,” అన్నాడు. పులుసు పోసేదా అంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

తర్వాతి ఆదివారం సంఘానికి రాడనుకున్నారు. వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతోనే వచ్చాడు. తనూజ ఫ్యాను కింద కూర్చుని ఉంది. కుర్చీ ఎడమ వైపు కుంగి ఉంటే కింద అట్టముక్క మడిచి పెట్టుకుంది. నంజుండప్ప రెండో బోర్డు దగ్గరికి పోయాడు. అది తలుపు పక్కన ఉంటుంది, ఎదురుగా అందరూ విడిచిన చెప్పులు కనిపిస్తాయి.

“అంకుల్, ఒక ఆట వేద్దాం రాండి,” అంది తనూజ. ఎగతాళి లేదు ఆ గొంతులో. “గెలిస్తే మళ్ళా ఈడ మీరే కూర్చోవచ్చు.”

గదిలో అందరూ చేతిలో పావులు అట్లే పట్టుకుని ఆగిపోయారు.

“పనుండాది,” అన్నాడు నంజుండప్ప.

పని ఉన్నవాడు పోవాలి కదా, పోలేదు. ఎదుటి కుర్చీలో ఎవరూ లేకుండానే పావులు పేర్చుకుని, మధ్యాహ్నం దాకా ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. మే నెల. పైన రేకుల వేడి. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. అప్పుడప్పుడు కాలరు పట్టుకుని ముందుకు లాగి, తల వంచి, చొక్కా లోపలికి ఊదుకుంటున్నాడు.

ఉఫ్.